రంగు పడని గోడ

“అడుగుకి ఎంత చెప్పావు?”

హత్య కేసులో పట్టుబడ్డవాణ్ణి ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఇదేనా? లాకప్పు గోడకి చేరబడి కూర్చున్న కామేశ్ తలెత్తి ఎదురుగా ఉన్న ఆడమనిషిని వింతగా చూశాడు.

గౌతమి ప్రైవేటు డిటెక్టివ్. కాశీబుగ్గలో ఒక మందుల షాపు మేడమీద ఆమె బోర్డు వేలాడుతూ ఉంటుంది. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా పెళ్లి సంబంధాలకి ఆరాలు తీయడమే ఆమెకి కూడు పెట్టే పని. పెళ్లికొడుకు తాగుతాడా, పెళ్లికూతురికి ఇదివరకే ఎవరితోనైనా మాట ఉందా అని కూపీలు లాగడం తప్ప హత్య జోలికి ఆమె ఎన్నడూ పోలేదు. పొద్దున్నే కామేశ్ భార్య కీర్తి మెట్లెక్కి వచ్చి, “మా ఆయన నోరు పెద్దది మేడం, సెయ్యి కాదు” అని ఏడిస్తే కాదనలేకపోయింది. అక్కుపల్లి లోకనాథాన్ని చంపాడని పట్టుకున్న పెయింటరు కామేశ్‌ని సాయంత్రం కోర్టుకి పంపిస్తారు. ఆపైన వాడు ఎప్పుడు బయటికొస్తాడో ఆ దేవుడికే తెలియాలి.

“ఇరవయ్యెనిమిది మేడం,” అన్నాడు కామేశ్. “పుట్టీ, ప్రైమరు, రెండు కోటింగుల రంగు, కూలీ, సరుకు, పరంజా కర్రలు, అన్నీ మనయే. సముద్రం పక్కిల్లు కదా, ఉప్పుగాలికి మామూలు రంగు రెండేళ్లు ఆగదు. ఆ రేటుకి ఆ పని పలాసలో ఎవడూ సెయ్యడు.”

రాత్రంతా నిద్రలేని గొంతులోకి రేటు మాట రాగానే ప్రాణం లేచొచ్చింది. గౌతమికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

“లోకనాథం ఒప్పుకున్నాడా?”

“ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇత్తాడేటి? ఆలింటి ఫొటోకి ఫోన్లో రంగులేసి సూపించినాను. మావిడిపండు రంగు సూసి మురిసిపోనాడు.”

“మరి గొడవెక్కడొచ్చింది?”

కామేశ్ చూపు పక్కకి తిప్పుకున్నాడు. “శనివారానికి మూడు గోడలు అయిపోనాయి. ఆదివారం మాకు సెలవు. సోమవారం పొద్దున్న మా కుర్రోలు ఎల్తే ఆ ముసిలమ్మ, లోకనాథం తల్లి ఎర్రమ్మ, గేటుకి అడ్డంగా నిల్చుంది. రేటు ఎక్కువ, మాకొద్దు, పరంజా ఇప్పుకుని పోండి అంది. సాయంత్రం నాను ఎల్లినాను. ఒక్క రూపాయి తగ్గనన్నాను. అంతే.”

“అబద్ధం.”

“మేడం!”

“అడ్వాన్స్ ముట్టింది. మూడు గోడలు అయ్యాయి. నాలుగో గోడ దగ్గర రూపాయికి పంతం పట్టే తెలివితక్కువవాడివి కాదు నువ్వు. ఏం దాస్తున్నావు?”

కామేశ్ తలుపు దగ్గర కానిస్టేబులు వైపు చూసి, ముందుకి వంగి, దొంగబంగారం సంగతి చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు.

“ఈ మాట బయటికి పోకూడదు మేడం. ఊరికే ఏత్తానన్నాను.”

“ఊరికే అంటే?”

“ఒక్క పైసా ఒద్దన్నాను. మూడు గోడలు మావిడిపండు, ముందు గోడ బోడి. ఆ గోడకే నా బేనరు యేలాడతంది. బీచ్‌కెల్లే బళ్లన్నీ ఆ రోడ్డునే పోతాయి. నా పరువేటి కాను?”

“మరి పోలీసులకి ఎందుకు చెప్పలేదు?”

“సెప్తే పేపర్లో పడదా? పెయింటర్లందరం కూకుని కట్టుకున్న రేటది. కామేశ్ ఊరికే ఏసినాడని తెలిత్తే రేపు ఉద్దానం ఉద్దానమంతా నన్ను ఊరికే ఎయ్యమంటాది. మావోలు నన్ను గెంటేత్తారు.”

మెడకి ఉచ్చు బిగుస్తుంటే రేటు కాపాడుకుంటున్న ఆ మహానుభావుణ్ణి చూసి గౌతమికి ఒళ్లు మండింది. వెర్రి వెయ్యి విధాలంటారు, ఇది వెయ్యిన్నొకటోది. ఆ కోపాన్ని దిగమింగి, అసలు ప్రశ్న అడిగింది.

“ఊరికే వేస్తానంటే ఎర్రమ్మ ఏమంది?”

“ఒద్దంది మేడం. ఏడిసింది కూడా.” కామేశ్ మొహంలో ఇప్పటికీ ఆ ఆశ్చర్యం పోలేదు. “ఊరికే ఏత్తానంటే ఏడిసినోలిని నానెక్కడా సూడలేదు. నాకు తిక్క రేగింది. ‘లోకనాథం రానీ, ఆడితోనే తేల్చుకుంటాను’ అని అరిసినాను. ఈధిలో జనానికి యినబడింది అదొక్కటే.”

బయట వరండాలో సి.ఐ. యుగంధర్ ఎదురొచ్చాడు. చొక్కా మడత నలగని మనిషి. ఈ ప్రాంతానికొచ్చి ఏడాది దాటినా ఇక్కడి మాట ఒంటపట్టలేదు, పట్టాలని ఆయనా అనుకోలేదు.

“ఏం గౌతమీ, అబ్బాయి గుణగణాలు కనుక్కున్నావా? సంబంధం ఖాయం చేసుకోవచ్చా?”

“ఖాయం చేసింది మీరు కదా సార్. శవం కూడా లేకుండానే.”

యుగంధర్ నవ్వు సగంలో ఆగిపోయింది. “లోకనాథం ఫోను వీడి గోడౌన్లో ఖాళీ రంగు బకెట్లో దొరికింది. వాడితో తేల్చుకుంటానని అరవడం ఊరు ఊరంతా విన్నది. శవమంటావా, సముద్రంలో తోసుంటాడు. ఇవాళ కాకపోతే రేపు ఒడ్డుకొస్తుంది.”

“ఆ బకెట్లు మంగళవారం దాకా ఎక్కడున్నాయి?”

“లోకనాథం ఇంట్లో. మంగళవారం వీడి కుర్రాళ్లు తెచ్చుకున్నారు.”

“వాళ్లింట్లో మెట్ల కింద. ఆ ఇంట్లో ఉన్నవాళ్లెవరైనా ఫోను అందులో పడేసి ఉండొచ్చు కదా.”

“ఉండొచ్చు, పోవచ్చు అని కోర్టులో చెప్పుకోండి.” యుగంధర్ టోపీ సర్దుకున్నాడు. “మధ్యాహ్నం వాణ్ణి అక్కుపల్లి తీసుకెళ్తున్నాను. ఆరోజు ఎక్కడ నిలబడి ఏం మాట్లాడాడో చూపిస్తాడు. అటునుంచటే కోర్టు. కావాలంటే నువ్వూ రా. నా పనికి అడ్డం పడ్డావంటే మాత్రం నిన్నూ అదే జీపెక్కిస్తాను.”

జీపు కంటే ముందే స్కూటీ మీద అక్కుపల్లి చేరింది గౌతమి. లోకనాథం ఇల్లు రోడ్డువారనే ఉంది. చుట్టూ ఒకసారి తిరిగింది. దక్షిణం, పడమర, సముద్రం వైపు, మూడు గోడలూ మామిడిపండు రంగులో నిగనిగలాడుతున్నాయి. రోడ్డు వైపున్న ముందు గోడ మాత్రం తెల్లటి ప్రైమరుతో వెలవెలబోతోంది. పరంజా కర్రలు విప్పకుండా అలాగే ఉన్నాయి. వాటికి కామేశ్ నవ్వు మొహంతో బేనరు గాలికి కొట్టుకుంటోంది.

గోడ మీద అరచెయ్యి వేసి రాసింది. నున్నగా ఉంది. పగుళ్లన్నీ పుట్టీతో పూడ్చేశారు, రుద్దేశారు. కిటికీల అంచులకి రంగు అంటకుండా కాగితం టేపు కూడా అతికించేశారు. మెట్ల కింద రంగు బకెట్టు ఒకటి సీలు విప్పకుండా ఉంది. మూత మీద మామిడిపండు రంగు చుక్క పెట్టి ఉంది. అంటే ఈ ఇంటి కోసమని షాపులో కలిపించేసిన రంగు. కలిపిన రంగుని ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు.

గౌతమి మనసులో లెక్క వేసుకుంది. ఖర్చయ్యేదంతా అయిపోయింది. మిగిలింది పూటన్నర పని. ఖర్చంతా అయిపోయాక ఖర్చెక్కువని ఎవరాపుతారు?

“ఎవలు మీరు?”

వెనక ధర్మారావు నిలబడి ఉన్నాడు. లోకనాథం తమ్ముడు. అన్నయ్య కనబడటం లేదని గురువారం స్టేషన్లో కాగితం రాసిచ్చింది ఇతనే. గౌతమి తనెవరో చెప్పగానే మొహం చిట్లించాడు గానీ పొమ్మనలేదు.

“మీ అన్నయ్యని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?”

“ఆదివారం సాయంత్రం. బరంపురంలో పనుంది, రేపొచ్చేత్తానన్నాడు. నానే బండి మీద సుమ్మాదేవి టేషన్లో దింపినాను.”

“పలాసలో అన్ని రైళ్లూ ఆగుతాయి కదా. సుమ్మాదేవి దాకా ఎందుకు?”

ధర్మారావు ఒక్క క్షణం తడబడ్డాడు. “ప్యాసింజరుకి ఎల్తానన్నాడు. ఆడిష్టం.”

“పలాసలో అయితే పదిమంది చూసేవారు.”

“ఏటి మీ ఉద్దేశం?”

“ఏమీ లేదు. మీరు జీడితోట అమ్ముదామనుకున్నారని కీర్తి చెప్పింది, ఆ బేరం సంగతి ఏమైంది?”

అతని దవడ బిగుసుకుంది. “అన్నయ్య అమ్మొద్దన్నాడు. నాను సరే అన్నాను. అంతటితో అయిపోయింది.”

“రంగు పని ఆపించింది మీరేనా?”

“నానెందుకు ఆపుతాను?” ఈసారి ధర్మారావు గొంతులో నిజమైన విసుగు వినిపించింది. “ఎయ్యించేద్దాం అంటే అమ్మే మంకుపట్టు పట్టింది. మూడు గోడలకేసి మొగం గోడ ఒగ్గేత్తే నలుగురూ నవ్వరా?”

పెళ్లికొడుకుల అబద్ధాలు విని విని గౌతమి చెవులు పదునెక్కాయి. సుమ్మాదేవి మాట అబద్ధం. ఈ మాట మాత్రం నిజం. ఇతనికి పని ఆగడం ఇష్టం లేదు. ఇల్లంతా మామూలుగా కనబడాలని ఇతని తాపత్రయం. మరి ముసలమ్మకి ఏమొచ్చింది?

ఎర్రమ్మ లోపల గుమ్మం పక్కన చాప మీద కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి. గౌతమి వెళ్లి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

“పెద్దమ్మా, కామేశ్ రేటు ఎక్కువ చెప్పాడా?”

“ఎక్కువేనమ్మా. సానా ఎక్కువ.”

“ఎంత చెప్పాడు?”

ఎర్రమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. “నూరో… నూటయాభయ్యో.”

“అడుగుకా?”

“అడుక్కో గోడకో. నాకేటి తెలుసు, పెద్దోడే మాటాడినాడు.”

“కొడుకు మాట్లాడి ఒప్పుకున్న రేటు, అదెంతో కూడా నీకు తెలీదు. మరి ఎక్కువని నీకెవరు చెప్పారు?”

ముసలమ్మ వేలికున్న కొంగు ఊడదీసి మళ్లీ చుట్టుకుంది.

“పోనీ, ఊరికే వేస్తానన్నాడటగా?”

“ఒకల సొమ్ము మాకెందుకమ్మా.”

“లోకనాథం వచ్చాక చూద్దామనుకున్నావా?”

“ఆఁ… అదే. ఆడొచ్చినాక.” ఆ రెండు మాటలనేసరికి ఎర్రమ్మకి ఏడుపొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

గౌతమి ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. అడగబోయే ప్రశ్న అడగాలని లేదు, కానీ పలాస నుంచి జీపు బయల్దేరిపోయి ఉంటుంది.

“సోమవారం పొద్దున్నకి నీ కొడుకు ఎక్కడికీ తప్పిపోలేదు పెద్దమ్మా. బరంపురం వెళ్లాడు, సాయంత్రానికి వచ్చేస్తాడు అనే కదా అందరూ అనుకుంటున్నారు. ఒక్క రోజు ఆగమంటే సరిపోయేది. కర్రలు విప్పుకుని పొమ్మన్నావెందుకు?”

ఎర్రమ్మ కళ్లెత్తి గౌతమిని చూసింది. ఆ చూపులో ఉన్నది భయం కాదు. దయచేసి ఇంకేమీ అడక్కు అనే బతిమాలుడు. గౌతమికొక అనుమానం తట్టింది. డిటెక్టివ్ అయినందుకు ఎగిరి గంతెయ్యాలి గానీ, అది అబద్ధమైతే బాగుణ్ణని ఆ క్షణంలో మనసారా కోరుకుంది.

బయట జీపు ఆగిన చప్పుడైంది.

యుగంధర్ దిగుతూనే ఆమెని చూసి, “ముసలామెని ఏడిపించడం అయిందా?” అన్నాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య కామేశ్ దిగాడు. దిగగానే వాడి కళ్లు ఎటూ పోకుండా బోడిగోడ మీదకే పోయాయి.

“సార్, ఇది రేటు గొడవ కాదు,” అంది గౌతమి. “వీడు ఊరికే వేస్తానన్నాడు. ఆవిడ ఒద్దంది.”

“మేడం!” అని కామేశ్ నెత్తి కొట్టుకున్నాడు. “సెప్పొద్దన్నాను కదా!”

యుగంధర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఊరికే వేస్తానన్నవాణ్ణి ఒద్దనడమేంటి? కొడుకు కనబడక మనసు బాగోలేదు, అందుకే అనుంటుంది.”

“సోమవారం పొద్దున్న కొడుకు కనబడకుండా పోలేదు సార్. మీ కాగితాల్లోనే చూసుకోండి. కనబడటం లేదని ఫిర్యాదు గురువారం వచ్చింది.”

సి.ఐ. జేబులోంచి పుస్తకం తీసి చూశాడు. ఆ తేదీలు ఆయన చేత్తో రాసుకున్నవే.

“నాకు పెద్దగా ఏమీ ఒద్దు,” అంది గౌతమి. “కామేశ్‌ని ఒక్క రోలర్ రంగు ఈ గోడకి వెయ్యనివ్వండి.”

“ఇది కేసు విచారణ. గృహప్రవేశం అనుకుంటున్నావా?”

“అయిదు నిమిషాలు. ఏమీ తేలకపోతే మీ జీపు నేనే ఎక్కుతాను, మీరు ఎక్కించక్కర్లేదు.”

యుగంధర్‌కి అహం ఎంత ఉందో, లెక్క తప్పిందేమోనన్న గుబులూ అంత మొదలైంది. తేల్చుకోలేక ఇంటివాడి వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ ధర్మారావు భుజాలెగరేశాడు.

“ఎయ్యనీండి సార్. ఊరికే అయితే మాకేటి నట్టం?”

“ఊరికే ఊరికే అనకు బావూ, ఎవలైనా యింటారు,” అని గొణిగాడు కామేశ్.

సీలు విప్పారు. కామేశ్ బకెట్లో కర్రతో కలిపి, తట్టలో పోసి, రోలర్ ముంచాడు. లాకప్పు, కోర్టు అన్నీ మరిచిపోయాడు. గోడకి ఎడం చివర మొదలుపెట్టి కింద నుంచి పైకి ఒక్కసారి లాగాడు. తెల్లటి గోడ మీద పసుపుపచ్చ పట్టీ పడింది. రెండోసారి ముంచి, దాని పక్కనే ఇంకోటి లాగాడు.

లోపల ఏదో కింద పడింది. ఎర్రమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆ వయసులో ఆ పరుగు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియలేదు. కామేశ్‌కీ గోడకీ మధ్యన దూరి, తడి రోలర్‌ని రెండు చేతులా పట్టేసుకుంది. రంగు ఆమె మోచేతుల మీదుగా చీర మీదికి కారింది.

“ఒద్దు బావూ, ఒద్దు! నీకు దండవెడతాను. ఏడాది తిరగనీ. ఏడాది తిరక్కుండా ఈ గోడకి రంగు పడకూడదు.”

మాట బయటపడ్డాక గానీ ఆమెకి తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెదవులన్నీ రంగయ్యాయి.

ఏడాది అంటే ఏమిటో ఆ గుమ్మం ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు. మనిషి పోయిన ఇంటికి ఏడాది మైల. సంవత్సరీకం జరిగేదాకా సున్నం కూడా వేయరు. యుగంధర్ ఏ ప్రాంతంవాడైనా తెలుగు ఇంట్లోనే పుట్టాడు. ఆయన మొహంలో రంగు మారింది.

కానీ ముందుగా నోరు విప్పింది ఆయన కాదు. ధర్మారావు. అన్నయ్యకేమయిందే అని అడగలేదు. ఏటంటన్నావమ్మా అని కూడా అనలేదు.

“నీకెవలు సెప్పినారే?” అన్నాడు.

ఆ నాలుగు గోడల మధ్య ఆ రహస్యం తన ఒక్కడిదే అనుకుంటున్నవాడు తప్ప ఇంకెవరూ ఆ ప్రశ్న వెయ్యరు. యుగంధర్ చెయ్యి ఊపాడు. కానిస్టేబుళ్లు కామేశ్‌ని వదిలేసి ధర్మారావుకి చెరోపక్కా వచ్చి నిలబడ్డారు.

“నువ్వే సెప్పినావురా,” అంది ఎర్రమ్మ. “సోమారం తెల్లారగట్ల బోరు కాడ బట్టల్తోనే తలకి నీలు పోసుకున్నావు. తడిబట్టల్తో గుమ్మం కాడ ఆగి, కాళ్లు కడుక్కుని, అప్పుడు లోపలికొచ్చినావు. మీ అయ్యని సాగనంపొచ్చిన నాడూ అలాగే ఒచ్చినావు. వల్లకాటి నుండి ఒచ్చినోడు తప్ప ఇంకెవలు సేత్తార్రా అలగ? కిటికీలోంచి సూసి, ఊర్లో ఎవలు పోనారా అనుకున్నాను. తెల్లారినాక అడిగినాను, ఊర్లో ఎవలూ పోనేదు. పెద్దోడి మంచం కాళీగున్నాది. బరంపురమెల్నాడని నువ్వప్పుడు సెప్పినావు.”

“అమ్మా…”

“అన్నని సంపడానికి నీకు బయమెయ్యనేదు. మైలతో గడప దాటడానికి బయమేసిందేట్రా?”

ధర్మారావు తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. తోట దగ్గర మాటామాటా పెరిగిందనీ, తోస్తే పడ్డాడనీ, తల రాయికి తగిలిందనీ, జీడిచెట్ల వెనక ఇసకలో కప్పెట్టాననీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఫోను సంగతి ఎవరూ అడగకుండానే ఒప్పుకున్నాడు.

ఎర్రమ్మ కామేశ్ వైపు తిరిగింది. “సెమించు బావూ. నీ మీదికి ఒత్తాదని నానెరగను. ఒకడెలాగూ పోనాడు, ఉన్నోడినైనా దాసుకుందామనుకున్నాను. నా కడుపు అలాటిది.” కామేశ్ చేతిలో రోలర్‌ని మెల్లగా తట్టలో పెట్టేశాడు.

గౌతమికి కళ్లు మండాయి. ఒకణ్ణి విడిపించడానికి వచ్చింది, విడిపించింది. ఈ తల్లికి మాత్రం తనే ఒక్క పూటలో రెండో కొడుకుని కూడా లేకుండా చేసింది. ఆ బాధకి మందేమీ లేదని ఆమెకి తెలుసు.

“ఎక్కించండి,” అన్నాడు యుగంధర్, మెల్లగా.

కానిస్టేబుళ్లు ధర్మారావుని లేపబోయారు. ఎర్రమ్మ రంగు చేతులతోనే సి.ఐ. దారికి అడ్డం నిలబడింది.

“బావూ, ఈడిని తీసుకుపోండి. ఉరే యెయ్యండి, జైల్లోనే ఎట్టండి, నానడ్డు రాను. కానీ ముందు నా పెద్దోడిని ఇసకలోంచి తీయించండి. పెళ్లాం నేదు, పిల్లల్నేరు ఆడికి.” ఆమె వెనక్కి తిరిగి, నేల మీద ఉన్న చిన్న కొడుకు తల మీద చెయ్యి వేసింది. “ఆడికి నిప్పెట్టడానికి ఈడు తప్ప నాకింకెవలున్నారు?”